రాత్రి ఇంట్లోకి దొంగ వస్తే కొట్టొచ్చా? ఆ దెబ్బకు చనిపోతే ఏమవుతుంది?

మీరు అడిగినవి రెండు. రాత్రిపూట ఇంట్లో జొరబడ్డ దొంగను కొడితే, ఆ దెబ్బకు అతను చనిపోతే మనకు శిక్ష పడుతుందా అన్నది ఒకటి. దొంగల భయానికి కాంపౌండ్ గోడ మీద కరెంటు తీగ లాగొచ్చా అన్నది రెండోది. నేను లాయర్ని కాదు. కానీ పల్నాడులో ఉండే మా మామయ్య సరిగ్గా ఇలాంటి రాత్రి తర్వాతే హత్య కేసులో ముద్దాయి అయ్యాడు, చివరికి నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆ కేసు నడిచినన్నాళ్లూ కాగితాలు పట్టుకుని ఆయన వెంట కోర్టుకు తిరిగింది నేనే. ఆ తిరుగుళ్లలో తెలుసుకున్నదే చెబుతున్నాను.

మన దేశంలో ఆత్మరక్షణ హక్కు ఉంది, అంటే ఒంటినీ ఆస్తినీ కాపాడుకోవడానికి ఎదుటివాణ్ని కొట్టినా నేరం కాని హక్కు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దీని గురించే. 2024 జులై 1కి ముందు ఇవే ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉండేవి, మాటలు పెద్దగా మారలేదు. ఇల్లు, ఆస్తి కాపాడుకోవడంలో ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు 41లో ఉన్నాయి. దోపిడీ ఒకటి. పొద్దుగూకిన తర్వాత తెల్లవారేలోపు గోడ దూకో, తాళం పగలగొట్టో, కన్నం వేసో ఇంట్లోకి రావడం, మనుషులుండే ఇంటికి, సామాను దాచుకునే కొట్టుకు నిప్పుపెట్టడం, పేలుడు పదార్థం వాడటం. ఇవి కాక, దొంగతనానికో ఇంట్లో చొరబడటానికో వచ్చినవాడి తీరు చూస్తే మనల్ని చంపుతాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో న్యాయంగా భయపడాల్సిన పరిస్థితి. మన ఒంటి మీదికే వస్తే, అలాంటి సందర్భాలు 38లో ఉన్నాయి. పట్టపగలు తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి సెల్‌ఫోన్ పట్టుకుపోయేవాడు వీటిలో దేనిలోకీ రాడు. అతన్ని అడ్డుకోవచ్చు, పెనుగులాడి పట్టుకోవచ్చు, అంతవరకే.

వాట్సాప్‌లో తిరిగే మెసేజీలన్నీ ఈ 41 దగ్గరే ఆగిపోతాయి. 'రాత్రి దొంగ వస్తే చంపేయొచ్చు, కేసే ఉండదు' అని రాస్తారు. ఈ మాట చాలా ప్రమాదం. 41 ఒంటరిగా నిలబడేది కాదు, 37కి లోబడి ఉంటుంది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదని 37 చెబుతుంది. ఇక ఎప్పటిదాకా ఉంటుందన్నది 43లో ఉంది. రాత్రి ఇల్లు పగలగొట్టి వచ్చినవాడి విషయంలో, అతను ఇంట్లో ఉన్నంతసేపే. దొంగతనమైతే సొత్తుతో తప్పించుకుపోయేదాకా, లేదా సొత్తు మన చేతికి తిరిగొచ్చేదాకా, లేదా పోలీసులు వచ్చేదాకా.

మామయ్య వాళ్లింట్లో జరిగింది ఇది. పెరటి తలుపు గొళ్లెం ఊడగొట్టి ఒకతను లోపలికొచ్చాడు, చేతిలో ఇనుప రాడ్డు ఉంది. అలికిడికి లేచిన అత్తయ్య కేక వేయగానే రాడ్డుతో కొట్టాడు, ఆమె చెయ్యి విరిగింది. మామయ్య మూలనున్న రోకలి తీసి తల మీద ఒక్క దెబ్బ వేశాడు. అతను పడిపోయాడు. మళ్లీ కొట్టలేదు. పోలీసులకు, అంబులెన్సుకు తనే ఫోన్ చేశాడు. తెల్లారేసరికి ఆసుపత్రిలో అతను చనిపోయాడు.

కేకలకు వచ్చిన వీధిలోవాళ్లలో కొందరు స్తంభానికి కట్టేద్దామన్నారు, నాలుగు తగిలిద్దామన్నారు. మామయ్య ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. కేసు మొత్తం నిలిచింది దాని మీదే అని మా లాయరు గారు చాలాసార్లు అన్నారు. పట్టుబడ్డవాణ్ని, కట్టేసినవాణ్ని, కింద పడ్డవాణ్ని కొట్టడం ఆత్మరక్షణ కాదు. అప్పటికి ప్రమాదం అయిపోయింది, హక్కూ అయిపోయింది. ఆ దెబ్బలకు ప్రాణం పోతే అది హత్య కేసు. గుంపుగా కొడితే ఆ గుంపులో ఉన్నవాళ్లందరి మీదికీ వస్తుంది. మన ఊళ్లలో దొంగను పట్టుకున్నాక జరిగేది తెలిసిందే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక పెద్దాయన రక్తం పడ్డ ఇల్లు కదా, నీళ్లు పోసి కడగమన్నాడు. చెయ్యి విరిగి ఏడుస్తూ కూడా అత్తయ్య ఒప్పుకోలేదు. ఆ ఊడిన గొళ్లెం, ఆ రాడ్డు, గది మధ్యలో ఉన్న రక్తం పంచనామాలోకి ఎక్కాయి. అత్తయ్య గాయం సర్టిఫికెట్, తల మీద ఒకే దెబ్బ అని చెప్పిన పోస్ట్‌మార్టం రిపోర్టు వాటికి తోడయ్యాయి. దొంగే జారిపడ్డాడని చెప్పమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మామయ్య జరిగింది జరిగినట్టే చెప్పాడు, చివరిదాకా ఆ మాట మారలేదు.

అయినా ఎఫ్ఐఆర్ అయింది, అరెస్టు చేశారు, బెయిలు వచ్చేదాకా సబ్‌జైల్లో ఉన్నాడు. ఇదంతా స్టేషన్లోనే తేలిపోతుందని అనుకోకండి. ఆత్మరక్షణ అని చూపించుకోవాల్సిన బాధ్యత ముద్దాయిదే. అయితే ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని జడ్జి గారికి అనిపిస్తే చాలు. మా లాయరు గారు 2010 నాటి దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూపించి వాదించారు. ప్రాణం మీదికి వచ్చినవాడు ప్రతి దెబ్బనూ లెక్కగట్టి కొడతాడని ఆశించలేం, పిరికివాడిలా పారిపొమ్మని చట్టం చెప్పదు అన్నది దాని సారం. ఒకవేళ సదుద్దేశంతోనే హద్దు దాటాడని కోర్టు అనుకుంటే అది హత్య కింద రాదు గానీ, శిక్షార్హమైన నరహత్య అవుతుంది. 105 సెక్షన్ కింద దానికీ పెద్ద శిక్షే ఉంది.

చనిపోయిన కుర్రాడి తల్లి సాక్ష్యానికి వచ్చిన రోజు మామయ్య తల ఎత్తలేదు. తీర్పు వచ్చాక కూడా మా ఇంట్లో ఎవరం స్వీట్లు పంచలేదు.

తుపాకీ సంగతి కూడా అడుగుతారేమో. లైసెన్సు ఉన్నంత మాత్రాన హక్కు పెరగదు, రోకలికి ఉన్న హద్దులే దానికీ. టెక్సాస్‌లో ఉన్న మా బంధువులు అక్కడి చట్టం చెప్పి ఆశ్చర్యపోతుంటారు. అక్కడ రాత్రిపూట దొంగతనం ఆపడానికి కూడా కొన్ని షరతుల మీద ప్రాణాంతక బలం వాడొచ్చు. ఆ వీడియోలు చూసి ఇక్కడ అలాగే అనుకోవద్దు.

ఇక కరెంటు తీగ. వద్దు, పెట్టి ఉంటే ఈ రోజే తీయించండి. బీహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డి ఇరుగుపొరుగు వాడుతున్నారని దారికి అడ్డంగా కరెంటు తీగ కట్టాడు, ఒకామె తగిలి చనిపోయింది. చెరుబిన్ గ్రెగరీ కేసు అది. నా స్థలంలోకి అక్రమంగా వచ్చింది కదా అన్న ఆయన వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, శిక్ష ఖాయం చేసింది. తీగకు దొంగెవరో, బంతి కోసం గోడెక్కిన పిల్లాడెవరో తెలియదు. మనం నిద్రపోతున్నప్పుడు, ఎదురుగా ఏ ప్రమాదం ఉందో చూడకుండానే అది చంపేస్తుంది కాబట్టి ఆత్మరక్షణ అనడానికి వీల్లేదు. అడవి పందుల కోసం చేను చుట్టూ తీగ కట్టినా అంతే, మనిషి పోతే కట్టినవాడి మీద కేసు. పెరటి తలుపుకు లోపల అడ్డగడియ, బయట లైటు, ఫోన్లో 112 వెంటనే దొరికేలా పెట్టుకోవడం, మామయ్య ఇప్పుడు చేసుకున్నవి ఇవే.