రాజీ కాగితం రాయించుకున్నాం, ఇక కేసు లేనట్టేనా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి ఇండిపెండెంట్ చర్చికి నేను సెక్రటరీని. కీబోర్డ్ వాయిస్తూ క్వైర్ (పాటల బృందం) నడిపించే 28 ఏళ్ల యువకుడు, ఇంటర్ ఫస్టియర్ చదివే 16 ఏళ్ల అమ్మాయికి రాత్రిళ్లు అసభ్యంగా మెసేజ్‌లు పెట్టాడు. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక చేయి పట్టి దగ్గరికి లాక్కుని, తాకరాని చోట తాకాడట. అమ్మాయి పాస్టరమ్మ గారికి చెప్పుకుంది. పాస్టరు గారు, పెద్దలు కూర్చుని అతనిచేత క్షమాపణ చెప్పించారు. ఇక ఎక్కడా ఫిర్యాదు చేయనని స్టాంపు కాగితం మీద తల్లిచేత సంతకం పెట్టించారు. కాలేజీ ఫీజుకని అతనిచేత 30 వేలు ఇప్పించారు. నెల తిరక్కముందే అతను మళ్లీ కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. మే నెలలో వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిల్ స్కూల్) పిల్లలకు పాటలు కూడా అతనే నేర్పుతాడంటున్నారు. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు మా కమిటీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. తల్లి కేసు వద్దంటోంది. చట్టప్రకారం మా మీద బాధ్యత ఏమైనా ఉందా? నేను రిపోర్ట్ చేస్తే అతను పరువునష్టం దావా వేస్తాడా? క్వైర్‌లోనే ఉన్న 22 ఏళ్ల అమ్మాయి తనకూ ఇలాంటి మెసేజ్‌లే వచ్చాయంటోంది. ఆమె విషయం ఏమిటి?

జవాబు: బాధ్యత ఉంది. మీకు ఉంది, పాస్టరు గారికి ఉంది, పాస్టరమ్మ గారికి ఉంది, ఆ రోజు కూర్చున్న ప్రతి పెద్దకూ ఉంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండలేదు కాబట్టి ఇది 2012 నాటి పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ) చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా స్థానిక పోలీసులకు గానీ, జిల్లాలోని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థకు బాధ్యుడిగా ఉన్న వ్యక్తి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే శిక్ష ఏడాది వరకు, పైన జరిమానా. మీ పాస్టరు గారి విషయంలో చూడబోయేది ఈ రెండోదే. చర్చి ‘సంస్థ’ కాదని వాదించడానికి ఆయనకు దారి దొరుకుతుందని నేననుకోను. ఏ పేరుతో ఉన్నా సంస్థేనని చట్టంలోనే ఉంది.

ఇప్పుడు ఆ స్టాంపు కాగితం. దాన్ని మీవాళ్లు రక్షణ అనుకుంటున్నట్టున్నారు. పోక్సో నేరాలు రాజీ పడదగినవి కావు. నేరం మీద కేసు పెట్టకుండా చేసుకున్న ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధం కాబట్టి, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం దానికి విలువే లేదు. రాజస్థాన్‌లో ఒక స్కూలు టీచరు విద్యార్థినితో అసభ్యంగా ప్రవర్తించిన కేసులో తండ్రి రాజీకొచ్చాడని హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసును మళ్లీ నిలబెట్టింది. ఇలాంటి నేరాన్ని రెండు కుటుంబాల మధ్య గొడవగా చూడలేమని స్పష్టం చేసింది. అక్కడ రాజీపత్రం హైకోర్టు దాకా వెళ్లి కూడా నిలవలేదు. మీది చర్చి ఆఫీసు గదిలో రాసింది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ కాగితం మీద తేదీ ఉంటుంది, ఏం జరిగిందో రెండు ముక్కల్లోనైనా రాసి ఉంటుంది, కింద సాక్షులుగా పెద్దల సంతకాలు ఉంటాయి. అంటే ఫలానా తేదీ నాటికి ఫలానా వాళ్లందరికీ నేరం సంగతి తెలుసనడానికి మీ అంతట మీరే తయారుచేసిచ్చిన సాక్ష్యం అది. కమిటీ మినిట్స్ బుక్‌లో తీర్మానం రాసి ఉంటే అదీ అంతే. ఇప్పుడు భయపడి వాటిని చించేయడం, పేజీలు మార్చడం లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. సాక్ష్యం మాయం చేయడం దానికదే ఇంకో నేరం. నేరం బయటికి రాకుండా ఉండటానికి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం కూడా నేరాలే. తల్లి ఆ 30 వేలు ఏ పరిస్థితిలో తీసుకుందో, ఎవరు ఇప్పించారో పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పమనండి. పెద్దలందరి మధ్య ఒంటరిగా కూర్చుని సంతకం పెట్టిన మనిషి ఆమె. ఆ భారం ఆమె నెత్తిన పడకూడదు.

‘మాకు పూర్తిగా తెలియదు, విచారించి నిర్ధారించుకున్నాక చెబుదామనుకున్నాం’ అని పెద్దలు అనవచ్చు. ఈ మాట సుప్రీంకోర్టు ముందుకు రెండు రకాలుగా వచ్చింది. కేరళలో ఒక మైనర్ అమ్మాయిని గర్భవతిని చేశాడని ఒక కేథలిక్ ఫాదర్ మీద పెట్టిన కేసులో, ఆమెకు ప్రసవం చేసిన ఆసుపత్రి వాళ్లను కూడా నిందితులుగా చేర్చారు. ఆసుపత్రిలో అమ్మాయి వయసు 18 అని చెప్పారు. నేరం సంగతి తెలిసి ఉండాలే తప్ప, తెలుసుకోవడానికి దర్యాప్తు చేయాల్సిన బాధ్యత వాళ్లమీద లేదని 2018లో కోర్టు వాళ్లను కేసు నుంచి తప్పించింది. మహారాష్ట్ర కేసు ఇందుకు భిన్నం. హాస్టల్ అమ్మాయిల మీద అఘాయిత్యం సంగతి తెలిసీ డాక్టరు పోలీసులకు చెప్పలేదన్నది అక్కడి ఆరోపణ. హైకోర్టు ఆయన మీద కేసు కొట్టేస్తే 2022 నవంబరులో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది దోషుల్ని కాపాడే ప్రయత్నమేనని చెప్పింది. మీ చర్చిలో అమ్మాయి నోటితో చెప్పింది, మెసేజ్‌లు కళ్లారా చూశారు, అతను క్షమాపణ కూడా అడిగాడు. ఇంతకు మించి తెలియడమంటే ఏముంటుంది? నిర్ధారించడం మీ పని కాదు. అది పోలీసుల పని, కోర్టు పని.

ఇలాంటి పంచాయితీల్లో తరచుగా వినిపించే బైబిల్ వాక్యాలు రెండున్నాయి. మీ దగ్గరా వినిపించే ఉంటాయి. సహోదరుణ్ణి కోర్టుకు లాగకూడదన్న కొరింథీ పత్రికలోని మాట ఒకటి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే నేరం మోపకూడదన్నది రెండోది. నేను వాక్యం బోధించేవాణ్ణి కాదు, చట్టం వైపు నుంచే చెబుతాను. పోక్సో కేసులో అమ్మాయి ఎవరినీ కోర్టుకు లాగదు. కేసు నడిపేది ప్రభుత్వం, వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్, అమ్మాయి సాక్షి మాత్రమే. ఆస్తి తగాదాకు, బిడ్డ ఒంటి మీద చేయి వేయడానికి మధ్య తేడా సంఘ పెద్దలకు తెలియనిది కాదు. ఇక సాక్షుల సంఖ్యంటారా, ఒక విషయం రుజువు కావడానికి ఇంతమంది సాక్షులుండాలన్న నియమమే మన సాక్ష్య చట్టంలో లేదు. అమ్మాయి ఒక్కతే చెప్పినా, ఆ సాక్ష్యం నమ్మదగినదిగా కోర్టుకు అనిపిస్తే అది చాలు. పాస్టరు దగ్గర ఒప్పుకున్నది రహస్యంగా ఉంచాలన్న మాట కూడా వస్తుంది. వకీలుకు క్లయింటు చెప్పినదానికి మన చట్టంలో రక్షణ ఉంది, పాస్టరుకో ఫాదర్‌కో చెప్పుకున్నదానికి పోక్సోలో అలాంటి మినహాయింపు లేదు. ఇదంతా గుడికీ, మసీదుకీ, ఆశ్రమానికీ ఒకేలా వర్తిస్తుంది. మీరు చర్చి గురించి అడిగారు కాబట్టి చర్చి గురించి రాస్తున్నాను.

అతని మీద ఏ సెక్షన్లు పడతాయన్నది పోలీసులు, కోర్టు తేల్చేదే గానీ స్థూలంగా చెప్పవచ్చు. అదే పనిగా లైంగిక ఉద్దేశంతో మెసేజ్‌లు పెట్టడం లైంగిక వేధింపు, మూడేళ్ల వరకు శిక్ష. లైంగిక ఉద్దేశంతో తాకడం లైంగిక దాడి, మూడు నుంచి ఐదేళ్లు. అదే పని మతసంస్థ సిబ్బందిలో ఒకడు ఆ సంస్థలోని బిడ్డ మీద చేస్తే తీవ్రమైన నేరంగా మారి ఐదు నుంచి ఏడేళ్లవుతుంది. ‘అతనికి జీతం లేదు, సేవకు వస్తాడు’ అని వాదన రావచ్చు. కానీ బిడ్డకు నమ్మకస్తుడి స్థానంలో, పెత్తనం చేసే స్థానంలో ఉన్నవాడు అన్న క్లాజు విడిగా ఉంది. ప్రతి వారం పాట నేర్పే క్వైర్ లీడరు అందులోకి వస్తాడనే నా అభిప్రాయం.

తల్లి వద్దంటోందన్నారు. మీరు రిపోర్ట్ చేయడానికి ఆమె అనుమతి అవసరం లేదు. కానీ ఆమెకు తెలియకుండా స్టేషన్‌కు వెళ్లకండి. ముందు ఆమె ఇంటికి వెళ్లి, వీలైతే మీ ఇంట్లో ఆడవాళ్లను తీసుకెళ్లి, ఏం జరగబోతుందో వివరంగా చెప్పండి. చాలామంది తల్లుల టెన్షన్ కేసు గురించి కాదు, స్టేషన్ బెంచీ మీద కూతుర్ని కూర్చోబెడతారేమోనని. అలా చేయడానికి చట్టం ఒప్పుకోదు. అమ్మాయి స్టేట్‌మెంట్ ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. తల్లి గానీ, అమ్మాయి నమ్మే మరెవరైనా గానీ పక్కన ఉండాలి. రాత్రిపూట ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు. వైద్య పరీక్ష అవసరమైతే లేడీ డాక్టరే చేయాలి. కోర్టులో నిందితుడి ఎదుట నిలబెట్టకూడదు, పేరు బయటికి రాకూడదు. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. కేసు నడిచినన్నాళ్లూ అమ్మాయికి తోడుగా ఉండే సహాయక వ్యక్తిని ఆ కమిటీ ఇవ్వగలదు. వకీలు ఫీజు గురించి బెంగ అక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడుతుంది, నంబరు 15100. పోలీసులతో మొదట మాట్లాడటానికి ఆమెకు మనసొప్పకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

వాట్సాప్ గ్రూపు సంగతి నన్ను కలవరపెడుతోంది. ఆ స్క్రీన్‌షాట్లలో అమ్మాయి పేరు, నంబరు, డీపీ కనిపిస్తూ ఉంటాయి కదా. ఒక్కరు ఇంకో గ్రూపులోకి పంపితే ఊరంతా తెలుస్తుంది. బాధితురాలి వివరాలు బయటపెట్టడం శిక్షార్హం. ఈరోజే గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయవద్దని చెప్పండి. దాని గురించి చర్చ ఆపేయండి. వాటిలో అమ్మాయి అసభ్యకరమైన ఫొటో ఏదైనా ఉంటే విషయం ఇంకా ముదురుతుంది. అలాంటి ఫొటోను ఫోన్లో దాచుకుని రిపోర్ట్ చేయకపోవడం కూడా పోక్సో 15వ సెక్షన్ కింద నేరం కావచ్చు. అసలు మెసేజ్‌లు ఉన్నది అమ్మాయి ఫోన్లో. ఆ చాట్ డిలీట్ చేయకుండా, ఫోన్ రీసెట్ చేయకుండా, అలాగే పోలీసులకు ఇవ్వాలి. కమిటీ వాళ్ల ఫోన్లలో ఉన్నవాటి సంగతి పోలీసులకిచ్చే పిటిషన్‌లోనే రాసి, ఏం చేయాలో దర్యాప్తు అధికారిని అడగండి.

చర్చి లోపల చేయాల్సింది కూడా ఉంది. కేసు తేలేదాకా అతన్ని క్వైర్ నుంచి, సండే స్కూల్ నుంచి, వి.బి.ఎస్. నుంచి తప్పించండి. ఇది శిక్ష కాదు, మిగతా పిల్లల కోసం తీసుకునే జాగ్రత్త. పుల్పిట్ మీదినుంచి కారణం ప్రకటించవద్దు, మినిట్స్‌లో అమ్మాయి పేరు రాయవద్దు. అమ్మాయిని మళ్లీ పిలిచి అడగడం, ఇద్దరినీ ఎదురుబొదురు కూర్చోబెట్టి ప్రార్థన చేయించడం వంటివి మంచి మనసుతో చేసినా ఆమెకు హానే చేస్తాయి, కేసుకూ చేస్తాయి. పిల్లలతో తరచూ పనిచేసే సంస్థలు సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 నాటి పోక్సో నిబంధనల్లో ఉంది. మే నెలలో వచ్చే వాలంటీర్లకు అది చేయించండి.

22 ఏళ్ల అమ్మాయి విషయం వేరు. ఆమె మేజర్. మెసేజ్‌లతో వెంటపడటం, అసభ్యంగా రాయడం భారతీయ న్యాయ సంహిత 75, 78 సెక్షన్ల కింద నేరాలే గానీ, కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమెను ఒత్తిడి చేయకండి, ఆమె పేరు మీ పిటిషన్‌లో ఆమెను అడగకుండా రాయకండి. తాను పోలీసులకు చెప్పవచ్చని, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చని మాత్రం తెలియజేయండి. ఆమె మీ చర్చి నడిపే స్కూల్లోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేస్తూ, అక్కడ ఇలాంటిది జరిగి ఉంటే 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం కింద కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పదిమంది, అంతకు మించి ఉద్యోగులుంటే అక్కడ అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. దానికి గడువు మూడు నెలలు, తగిన కారణముంటే మరో మూడు నెలలు.

పరువునష్టం భయం గురించి ఆఖరికి రాస్తున్నాను. మంచి ఉద్దేశంతో పోలీసులకు సమాచారమిచ్చిన వ్యక్తి మీద సివిల్ బాధ్యత గానీ, క్రిమినల్ బాధ్యత గానీ ఉండదని 19వ సెక్షన్ ఏడో క్లాజులో ఉంది. ఆ రక్షణ పోలీసులకు చెప్పినదానికి. టీ కొట్టు దగ్గర చెప్పినదానికి, వాట్సాప్‌లో రాసినదానికి ఉండదు. కాబట్టి చెప్పాల్సింది పిటిషన్‌లోనే చెప్పండి. మీకు ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏం తెలిసిందో, ఆ తర్వాత పెద్దలు ఏం చేశారో, కాగితం సంగతితో సహా రాయండి. మీరు చూడనిది చూసినట్టు రాయవద్దు. ఇన్నాళ్లు ఆలస్యమెందుకైందో ఉన్నమాట రాయండి. ఆలస్యం వల్ల మీ మీద ప్రశ్న రావచ్చు, కానీ ఇంకా ఆలస్యం చేసినకొద్దీ దానికి జవాబు చెప్పుకోవడం కష్టమవుతుంది.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ‘మీ చర్చి గొడవ మీరే చూసుకోండి’ అని వెనక్కి పంపితే అదే పిటిషన్‌ను స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. పోక్సో సమాచారాన్ని నమోదు చేయని అధికారికి కూడా అదే 21వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ మాట మీ కవరింగ్ లెటర్‌లో రాయండి.