మీ ప్రశ్న – నా జవాబు: వ్యూస్‌కు బహుమతి ఇవ్వాలా?

ప్రశ్న: మా సంఘం ఆన్‌లైన్ పరిచర్య మొదలుపెట్టి కొన్నేళ్లయింది. ఈ వార్షికోత్సవంలో ఆ టీమ్‌ను సన్మానించాలని పాస్టర్ గారి ఆలోచన. ఎక్కువ వ్యూస్ వచ్చిన వీడియోకు మొదటి బహుమతి ఇవ్వాలని యువకులు అంటున్నారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు, అవార్డులేంటని కొందరు పెద్దలు అడ్డుచెబుతున్నారు. నిర్ణయించే కమిటీలో నేనూ ఉన్నాను. ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: సన్మానం తప్పకుండా చేయండమ్మా. వ్యూస్‌కు మాత్రం బహుమతి వద్దు.

పెద్దలు చెప్పిన మాట మత్తయి 6వ అధ్యాయంలోది. అక్కడ ప్రభువు మాట్లాడుతున్నది ధర్మం చేసేవాడితో, నీ ముందు బూర ఊదించుకోకు అని. చేసినవాళ్లకు సంఘం కృతజ్ఞత చెప్పకూడదని అక్కడ లేదు. రోమా పత్రిక చివరి అధ్యాయం ఆ పెద్దలతో కలిసి ఒకసారి చదవండి. ఫీబే చాలామందికి సహాయపడిందని, ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారని, త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు ప్రభువు పనిలో ప్రయాసపడ్డారని పౌలు పేరుపేరునా చెబుతాడు. మొదటి స్థానం, రెండో స్థానం లేవు. ఎవరేం చేశారో చెప్పాడు, అంతే. పౌలు చెబుతుంటే ఆ పత్రికను చేత్తో రాసిన తెర్తియు కూడా 22వ వచనంలో తన వందనాలు తెలిపాడు. ఆ వచనమంటే నాకు ఎంతో ఇష్టం. కెమెరా వెనక నిలబడే ప్రతి తమ్ముడికీ అది చూపిస్తుంటాను.

ఇక వ్యూస్ సంగతి. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ పడినట్టే. ఇంతసేపు చూడాలన్న నియమం లేదు. రెప్పపాటులో పైకి నెట్టేసినవాళ్లకూ, కన్నీళ్లతో చివరిదాకా విన్నవాళ్లకూ లెక్క ఒకటే. పైగా బహుమతి దేనికిస్తే పని అటే వంగుతుంది. వచ్చే ఏడాదికల్లా 'ఇది చూడకపోతే నష్టపోతారు' లాంటి శీర్షికలు మొదలవుతాయి. అంకెలు అసలే వద్దనను. సగటున ఎంతసేపు చూశారు, తిరిగి వచ్చిన ప్రేక్షకులు ఎందరు, ఏ నిమిషం దగ్గర ఎక్కువమంది వెళ్లిపోయారు అన్నవి టీమ్ కూర్చుని చూసుకోవాలి. నేర్చుకోవడానికి పనికొస్తాయి. వేదిక మీద చదవడానికి కాదు.

మరి ఎవరిని గుర్తించాలి? మా సంఘం లైవ్‌లో చాట్ చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆరాధన ముగిసి, వైర్లు చుట్టేశాక వచ్చే మెసేజ్‌లే చాలాసార్లు అసలైనవి. 'ఎవరైనా ఉన్నారా?' అని ఒక్క ముక్క వస్తుంది. మా టీమ్‌లో ఒక అక్క ఉంది. వెంటనే వచనం అంటించి పంపదు. 'ఉన్నానండి, చెప్పండి' అని రాసి ఆగుతుంది. అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపిస్తాయి, ఆగిపోతాయి, మళ్లీ కనిపిస్తాయి. ఆమె తొందరపెట్టదు. దేనికోసం ప్రార్థించమన్నారో నోట్‌బుక్‌లో రాసుకుని, వారం తర్వాత తనే పలకరిస్తుంది. వాళ్లకు ఇష్టమైతే, దగ్గర్లో ఉన్న మంచి సంఘం వెతికి అక్కడి కాపరికి అప్పగిస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి అక్కడి ఆరాధనకు వెళ్తారు, మా లైవ్‌కు రావడం మానేస్తారు. అంటే పని బాగా జరిగినప్పుడు మా వ్యూస్‌లో ఒకటి తగ్గుతుంది! ఏ డ్యాష్‌బోర్డూ దాన్ని విజయమని చూపించదు. సంఘమే చూడాలి.

దావీదు అమాలేకీయుల్ని తరిమిన రోజున 200 మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గరే ఆగిపోయారు. యుద్ధానికి వెళ్లినవాడికి ఎంత భాగమో సామాను దగ్గర ఉన్నవాడికీ అంతేనని దావీదు కట్టడ చేశాడు (1 సమూయేలు 30). మీ కమిటీకి ఇంతకంటే మంచి నియమం దొరకదు. ప్రసంగించినవాళ్లతో సమానంగా, చెవులు వినిపించనివాళ్ల కోసం సబ్‌టైటిల్స్ వేసినవాళ్లనూ, కామెంట్లలో బూతులు ఏరి తీసేసేవాళ్లనూ నిలబెట్టండి. 'బాగా సేవ చేశారు' అని సరిపెట్టకుండా, చేసిన పనేమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. జ్ఞాపికతో పాటు కొన్ని వారాలు సెలవు ఇచ్చి, ఆ బాధ్యత ఇంకొకరికి నేర్పించండి. రాత్రుళ్లు పరాయివాళ్ల బాధలు చదివి చదివి అలసిపోయిన మనిషికి అన్నిటికంటే అవసరమైనది అదే.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో చేసిన సేవను పెద్ద సంఘాలు ఎప్పుడైనా గుర్తించాయా?

జవాబు: గుర్తించాయి. కార్లో అకుటిస్ అనే కుర్రాడు 1991లో లండన్‌లో పుట్టి ఇటలీలోని మిలాన్‌లో పెరిగాడు. ప్రభు సంస్కారానికి సంబంధించిన అద్భుతాలుగా కాథలిక్ సంఘం చెప్పుకునే సంఘటనల్ని సేకరించి వెబ్‌సైట్‌లో పెట్టాడు. లుకేమియాతో 2006 అక్టోబర్ 12న, 15 ఏళ్లకే కన్నుమూశాడు. 2025 సెప్టెంబర్ 7న పోప్ 14వ లియో అతణ్ణి పునీతుడిగా ప్రకటించారు. పునీతుల విషయంలో మనలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చలోకి వెళ్లను. అతని గురించి చెప్పేటప్పుడు వెబ్‌సైట్‌తో పాటు అతని ప్రార్థన జీవితం, ఇల్లులేనివాళ్లకు చేసిన సాయం కూడా చెబుతారు. అది నాకు నచ్చింది.

ప్రశ్న: మా ఛానెల్‌కు సిల్వర్ బటన్ వచ్చింది. ప్రసంగ వేదిక మీద పెట్టవచ్చా?

జవాబు: ఎడిటింగ్ చేసే గదిలో పెట్టండి. 1,00,000 మంది సబ్‌స్క్రైబర్లు దాటిన ఛానెళ్లకు, అవి ఏ విషయం మీదివైనా, యూట్యూబ్ ఇచ్చేదే అది. టీమ్ సంతోషపడటంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: సన్మాన సభలో, మా లైవ్ ద్వారా మారుమనస్సు పొందిన ఒక సోదరి మెసేజ్‌లను స్క్రీన్ మీద చూపించాలనుకుంటున్నాం. పేరు కనబడకుండా చేస్తాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆమె మాట తీరును బట్టి, చెప్పుకున్న కష్టాన్ని బట్టి తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఆ విషయం ఇంట్లోవాళ్లకే ఇంకా తెలియకపోవచ్చు. ఆమె మనసు విప్పింది ప్రార్థన కోసం, మన కార్యక్రమం కోసం కాదు. ముందు అనుమతి అడగండి. పాస్టర్ గారు అడిగితే కాదనలేకపోవచ్చు, కాబట్టి ఆమెతో రోజూ మాట్లాడే వ్యక్తి చేతే అడిగించండి. ఏ వాక్యాలు చూపిస్తారో ముందే ఆమెకు పంపండి. ఒప్పుకున్నా ఆ కాసేపు లైవ్ ఆపేయండి. రికార్డింగ్ పెట్టాక ఆమె మనసు మార్చుకుంటే ఆ భాగం తీసేస్తామని కూడా ముందుగానే చెప్పండి.