ప్లేట్ వెనక నిలబడబోతున్న మా అబ్బాయికి

విశాఖపట్నం

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

జిల్లాల స్కూల్ పోటీల్లో బేస్‌బాల్‌కి ప్లేట్ అంపైర్‌గా, అంటే బ్యాటర్ వెనక నిలబడి తీర్పు చెప్పేవాడిగా, వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఎండలో రోజంతా నిలబడాలట అక్కా" అని దాని బాధ. నాకు మాత్రం ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. క్రికెట్ తప్ప ఇంకో ఆట పేరెత్తని ఊళ్లో, మన ఇంటి పిల్లాడు రూల్ బుక్ చదివి ఆ మాస్క్ పెట్టుకుంటున్నాడంటే ఎంత గర్వంగా ఉందో. ఆ తర్వాత టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

గొంతు దగ్గర వేలాడే గార్డు లేని మాస్క్ పెట్టుకోకు. బ్యాట్‌ని తాకి వెనక్కి వచ్చే బంతి ఎవరి మీదా దయ చూపదు. నీళ్లు తాగుతూ ఉండు. లైనప్ కార్డులు, అంటే ఎవరు ఏ నంబర్‌లో బ్యాటింగ్‌కి వస్తారో రాసిన కాగితాలు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో ఉంచుకో, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే చేతిలో కాగితం నిలవదు. ముందురోజు టెక్నికల్ మీటింగ్‌లో, బయటికి వెళ్లిన పిల్లాడు మళ్లీ లోపలికి రావచ్చా, డీహెచ్ (డిజిగ్నేటెడ్ హిట్టర్, కింద చెప్తాను) ఏ పద్ధతిలో అని అడిగి రాసుకో. స్కూల్ పోటీల్లో సొంత నిబంధనలు పెట్టుకునే నిర్వాహకులు ఉంటారు. నేను కింద చెప్పేదంతా అంతర్జాతీయంగా వాడే అసలు పుస్తకంలోది.

ఇక డిజిగ్నేటెడ్ హిట్టర్ సంగతి. నా భయమంతా దీని గురించే. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో, అమెరికన్ లీగ్‌లో 1973లో మొదలై, నేషనల్ లీగ్‌కి పూర్తిగా 2022లో వచ్చిన రూల్ ఇది. పిచర్, అంటే బంతి విసిరేవాడి బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఒక మనిషి. వినడానికి ఇంతే. కానీ మన కోచ్‌లలో చాలామంది క్రికెట్ నుంచి, కబడ్డీ నుంచి వచ్చిన పీఈటీలు. డీహెచ్ అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకునే, తీసేసే అదనపు ఆటగాడని అనుకుంటారు. కావాలని మోసం చేసేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. తెలియక చేసేవాళ్లే ఎక్కువ. ఈ మాట గుర్తుంటే నీ గొంతు అనవసరంగా లేవదు.

నువ్వు "ప్లే" అనకముందే కార్డులో పది పేర్లుండి, డీహెచ్ ఎవరో రాయకపోతే, కోచ్‌ని పిలిచి, పిచర్ కాని తొమ్మిది మందిలో ఎవరో చెప్పమను. అక్కడితో సరిపోతుంది. ఆట మొదలయ్యాక బయటపడితే ఖరీదెక్కువ. ఆ జట్టు అప్పటికే ఫీల్డింగ్‌కి దిగి ఉంటే, ఏ స్థానంలోకీ వెళ్లని ఆ బ్యాటర్ బదులు పిచరే బ్యాటింగ్ చేయాలి. ఇంకా దిగకపోతే ఎవరి బదులో కోచ్ చెబుతాడు. ఏదైనా సరే, ఆ పేరు పోయిన పిల్లాడు ఆట నుంచి బయటికే, ఆ జట్టుకి ఆ రోజుకి డీహెచ్ లేనట్టే.

ఇప్పుడు చెప్పేది కాస్త నెమ్మదిగా చదువు. చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక కాలేజీ గ్రౌండ్‌లో జరిగింది. నేను స్కోరర్‌ని. ప్లేట్ వెనక ఉన్నాయన అనుభవం ఉన్నవాడే, పేరు ఎందుకులే. మన్యం నుంచి వచ్చిన జట్టు. వాళ్ల డీహెచ్‌ది బ్యాటింగ్‌లో నాలుగో నంబర్. ఆరో ఇన్నింగ్స్‌లో ఫస్ట్ బేస్ దగ్గర ఉన్న పిల్లాడిని తీసేసి, కోచ్ ఆ డీహెచ్‌నే అక్కడికి పంపాడు. అది తప్పు కాదు. డీహెచ్ ఫీల్డింగ్ చేయొచ్చు, నాలుగో నంబర్‌లోనే బ్యాటింగ్ చేస్తాడు. కానీ అతను గ్లవ్ వేసుకుని వెళ్లగానే ఆ జట్టు డీహెచ్ హక్కు అయిపోయింది. బయటికి వెళ్లిన పిల్లాడిది ఏడో నంబర్ కాబట్టి, పిచర్ ఆ ఏడులో బ్యాటింగ్‌కి రావాలి. అంపైర్ "ఫస్ట్ బేస్ మార్పు" అని మాత్రం అరిచాడు. "పిచర్ ఏ నంబర్ సార్?" అని నేను అడిగితే "తర్వాత" అని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ఇదే జట్టు బ్యాటింగ్. ఏడో నంబర్ వచ్చేసరికి కోచ్ బెంచ్ మీది నుంచి కొత్త పిల్లాడిని లేపి "కొత్త డీహెచ్" అన్నాడు. అంపైర్ తలూపాడు. ఆ పిల్లాడు డబుల్ కొట్టాడు, అంటే ఒక్క దెబ్బతో రెండో బేస్ చేరాడు, రెండు పరుగులు వచ్చాయి. అవతలి కోచ్ రూల్ బుక్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, వెనకాల జనం. అంపైర్ మొహం పాలిపోయింది. ఏదో ఒక శిక్ష వేస్తే గొడవ ఆగుతుందనుకున్నాడు. బ్యాటర్ అవుట్, పరుగులు రద్దు, రన్నర్లు వెనక్కి. ఆ జట్టు ఒక్క పరుగుతో ఓడింది. "టీచర్, నేనేం తప్పు చేశాను?" అని ఆ పిల్లాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి అడిగాడు. ఏ తప్పూ చేయలేదు నాన్నా అన్నాను. నిజంగానే చేయలేదు.

సరైన తీర్పు ఏమిటో చూడు. ఏడో నంబర్ అప్పటికే పిచర్‌ది. ఆ స్థానంలో బాక్స్‌లోకి అడుగుపెట్టినవాడు, కోచ్ ఏ పేరుతో పంపినా, పిచర్‌కి బదులు వచ్చిన ఆటగాడే. కాబట్టి డబుల్ చెల్లుతుంది, రెండు పరుగులూ చెల్లుతాయి. పోయేది పిచర్, బదులు మనిషి వచ్చాక అతని ఆట అయిపోయినట్టే. తర్వాతి ఇన్నింగ్స్‌లో అతను మౌండ్ (పిచర్ నిలబడి విసిరే దిబ్బ) ఎక్కడానికి వీల్లేదు, ఏడో నంబర్‌లో ఉన్నవాడైనా వేయాలి, వాడి బదులు ఇంకో పిచరైనా రావాలి. ఒకవేళ ఎవరూ గమనించక పాత పిచరే వచ్చి బంతులు వేశాడనుకో, నీకు తెలిసిన క్షణంలో బయటికి పంపు. అప్పటిదాకా జరిగింది ఉన్నది ఉన్నట్టే ఉంచు. కిరాణా కొట్టు ఖాతాలో లెక్క తప్పితే సరిదిద్దుతారు గానీ సరుకు వెనక్కి లాక్కోరు కదా.

ఆ అంపైర్ రెండు రూల్స్ కలిపేశాడు. వరస తప్పి బ్యాటింగ్‌కి రావడం వేరే సంగతి. ఉదాహరణకి ఏడులో రావలసిన పిచర్ నాలుగులో వచ్చి కొట్టాడనుకో. అప్పుడు నువ్వు కనుసైగ కూడా చేయకూడదు. తర్వాతి బ్యాటర్‌కి మొదటి బంతి పడకముందే అవతలి జట్టు అడిగితే, రావలసినవాడు అవుట్, ఆ దెబ్బ మీద వచ్చిన పరుగులు పోతాయి. బంతి పడిపోతే అది చెల్లిపోయినట్టే. అక్కడ నోరు కట్టుకోవాలి. అర్హత లేని ఆటగాడు లోపల ఉంటే మాత్రం ఎవరూ అడగక్కర్లేదు, నువ్వే ఆపాలి.

ఫీల్డింగ్‌లో ఉన్నవాడు మౌండ్ ఎక్కినా, పిచర్ వేరే స్థానానికి మారినా డీహెచ్ పోతుంది. ఎవరికైనా బదులు బ్యాటింగ్ చేసినవాడు తర్వాత పిచింగ్‌కి వచ్చినా అంతే. డీహెచ్ బదులు బేస్ మీద బెంచ్ నుంచి ఇంకొకరు వచ్చి పరుగెత్తితే మాత్రం పోదు, ఆ వచ్చినవాడే కొత్త డీహెచ్. మొదటి కార్డులోని డీహెచ్ కనీసం ఒక్కసారి బ్యాటింగ్ చేయాలి, అవతలి జట్టు పిచర్‌ని మారిస్తే తప్ప. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మారితే, వాళ్లు స్థానాల్లోకి వెళ్లకముందే ఎవరు ఏ నంబరో కోచ్ చేత చెప్పించు. చెప్పకపోతే నిర్ణయించే అధికారం నీదే.

ప్రతి మార్పుకీ "టైమ్" అని ఆట ఆపు, కార్డు మీద రాయి, అవతలి కోచ్‌కి చెప్పు, స్కోరర్‌కి వినపడేలా చెప్పు. "కోచ్ గారూ, మీ డీహెచ్ అయిపోయింది, పిచర్ ఇక ఏడులో" అని ఒక్క ముక్క. ఆ రోజు ఈ ఒక్క ముక్క పలికి ఉంటే ఆ కోచ్ పిల్లాడిని లేపేవాడే కాదు. త్వరగా కానివ్వండి అని గ్యాలరీలో కేకలు వేస్తారు, వేయనీ. నీకు మీ నాన్న కోపం వచ్చింది, అదే నాకు గుబులు. ఎవరైనా మీదికొస్తే రెండడుగులు వెనక్కి వేసి, కార్డు తీసి, నెమ్మదిగా చదువు. అర్థం కాకపోతే బేస్ అంపైర్లని పిలిచి మాట్లాడుకో. అడగడం నామోషీ కాదు నాన్నా.

శనివారం సాయంత్రం ఎంవీపీ కాలనీకి వచ్చెయ్. ఖాళీ లైనప్ కార్డులు నాలుగు పట్టుకురా. నేను కోచ్‌లా తికమక మార్పులు చెబుతూ ఉంటాను, నువ్వు రాసి ఎవరు ఏ నంబరో చెప్పాలి. గార్డు ఉన్న మాస్క్ దొరక్కపోతే ముందే ఫోన్ చెయ్, నా పాతది అటక మీద నుంచి దింపిస్తాను. రాత్రి భోజనం ఇక్కడేనని మీ అమ్మకి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ