విశాఖ వరకు సరే, అత్తయ్యగారిని అరకు కూడా తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. డిసెంబరు రెండో వారంలో కుటుంబమంతా నాలుగు రోజులు విశాఖపట్నం వెళ్తున్నాం. చివర్లో ఒక రాత్రి అరకులో ఉండి, కిందికి దిగి అదే రోజు ఇంటికి రైలెక్కాలని మావారి ఆలోచన. మా అత్తయ్యకు 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఎనిమిది నెలల కిందట గుండెకు ఒక స్టెంటు వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులు ఉన్నా తన పనులు తానే చేసుకుంటారు. గతంలో శ్రీశైలం ఘాట్‌ రోడ్డులో వాంతులు చేసుకున్నారు. కొండలెక్కితే గుండెకు మంచిది కాదని మా ఆడపడుచు వద్దంటోంది. తీసుకెళ్లవచ్చా, విశాఖతోనే సరిపెట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సలహా: మీ ఆడపడుచుగారి జాగ్రత్త మంచిదే గానీ, ఆమె భయం కొండ ఎత్తు గురించే అయితే దాన్ని పక్కన పెట్టవచ్చు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ దారిలో రైలు ఎక్కే అతి ఎత్తైన స్టేషను సిమిలిగుడ 997 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ పలచబడి తలనొప్పి, ఆయాసం వంటి బాధలు కలగడం సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. మన హైదరాబాదే 500 మీటర్లకు పైన ఉన్నదని గుర్తుంచుకుంటే, అరకు ఎత్తు గుండెకు పెద్ద లెక్కలోది కాదని మీకే తెలుస్తుంది.

ఆలోచించవలసింది దూరం గురించి. విశాఖలో అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే, గుండె రక్తనాళాన్ని తెరిచే సదుపాయమున్న ఆసుపత్రికి నిమిషాల్లో చేరతారు. అరకు నుంచి అదే ఆసుపత్రికి రావాలంటే సుమారు 115 కిలోమీటర్లు, అందులో చాలా భాగం ఘాట్ రోడ్డు, పగటిపూటే మూడు గంటలకు పైగా పడుతుంది. అరకులో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది కనుక తొలి చికిత్సకు లోటుండదు. అయినా గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని వీలైతే రెండు గంటల లోపు తెరవాలని వైద్యులం తాపత్రయపడతాం కాబట్టి, ఆ ఒక్క రాత్రికి మీరు ఒప్పుకుంటున్నది ఈ దూరానికేనని తెలిసి ఒప్పుకోవాలి.

ఆ రాత్రి అటువంటి అవసరం పడే అవకాశం ఎంత అన్నది ఆవిడ ఇప్పటి పరిస్థితిని బట్టి ఉంటుంది. స్టెంటు వేసి ఎనిమిది నెలలైంది, మందులు మానలేదు, తన పనులు తాను చేసుకుంటున్నారు. ఇవన్నీ అనుకూలమైన సంగతులే. ఇంటి దగ్గర ఒక చిన్న పరీక్ష చేయండి. సమతలంగా ఉన్న చోట ఆవిడ మామూలు నడకతో అర కిలోమీటరు నడవాలి. మధ్యలో ఆగితే, ఆపింది మోకాలా, ఛాతీయా అని విడమరిచి అడగండి, ఎందుకంటే మోకాళ్ల నొప్పి ఉన్నవారు గుండె బాధ బయటపడేంత దూరం నడవరు, చుట్టూ ఉన్నవారు బాగానే ఉన్నారనుకుంటారు. ఛాతీ బిగపట్టడం, ఆయాసం, చెమట పట్టడం వంటివి కనిపించినా, గడచిన నెలలో పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, పాదాలు వాయడం వంటివి ఉన్నా, అరకు ఊసెత్తవద్దు. విశాఖ ప్రయాణం కూడా ఆవిడను చూస్తున్న గుండె వైద్యుడు సరేనన్న తర్వాతే. అవేవీ లేకపోతే, బయల్దేరే వారం ముందు ఒకసారి ఈసీజీ, బీపీ, షుగరు చూపించుకుని వెళ్లండి. అప్పుడు అరకుకు నా అభ్యంతరం లేదు.

నిజానికి ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది గుండె కాదు, షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర. ఘాట్‌లో వాంతులవుతాయన్న భయంతో పొద్దున ఏమీ తినకుండా, మందు మాత్రం మానకూడదని మాత్ర వేసుకుని కారెక్కేవారు మనలో చాలామంది ఉన్నారు. ఇడ్లీ తిన్నా, ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక మలుపుల్లో అది కాస్తా బయటికి వస్తే ఫలితం అంతే. కడుపులో ఆహారం లేదు, మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఒక గంటకు ఆవిడ నుదుటి మీద చిరుచెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతారు లేదా ఊరకే విసుక్కుంటారు. పక్కనున్నవారు ప్రయాణపు బడలిక అనుకుని కళ్లు మూసుకుని పడుకోమంటారు. చేయవలసింది అది కాదు. గ్లూకోమీటరు బ్యాగు అడుగున కాకుండా చేతికందేలా ఉంచుకుని వెంటనే చూడండి. షుగరు 70 కంటే తక్కువగా ఉంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మీటరు లేకపోతే అనుమానమే చాలు, చక్కెర నీళ్లు ఇచ్చేయవచ్చు. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఘాట్ ఎక్కే రోజు గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలా, టిఫిన్ కడుపులో నిలిచాక వేసుకోవాలా అన్నది మీ షుగరు డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

వాంతులకు మందుల దుకాణంలో చేతికిచ్చే ఒండాన్‌సెట్రాన్ ప్రయాణపు వికారానికి పెద్దగా పనిచేయదు. పనిచేసేది అవోమిన్ వంటి ప్రోమెథజైన్ మాత్ర, అది కూడా బయల్దేరడానికి ముందే వేసుకుంటే. అయితే ఈ వయసులో దానివల్ల మగత కమ్ముతుంది, నోరు ఎండుతుంది, లేచి నిలబడితే తూలుతుంది. పైగా ఆ మగతలో షుగరు పడిపోయిన గుర్తులు కప్పబడిపోతాయి. అందుకని మాత్ర కంటే ముందు వాహనం మార్చమంటాను. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలు నాలుగు గంటలు తీసుకుంటే తీసుకోనివ్వండి. రోడ్డు మీద ఉన్నంత కుదుపు, గిరగిరా తిరిగే మలుపులు అందులో ఉండవు, కాళ్లు చాపుకోవచ్చు, అన్నిటికీ మించి మరుగుదొడ్డి ఉంటుంది. కారులో దారి మధ్య ఇబ్బందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పనక్కరలేదు. షుగరు, బీపీ మాత్రలు వాడేవారికి అలా ఒంట్లో నీరు తగ్గనివ్వడం మంచిది కాదు. తప్పనిసరై కారులోనే వెళ్తే ముందు సీటు ఆవిడకివ్వండి, దూరంగా ఉన్న కొండను చూడమనండి, ఫోను చేతికివ్వకండి.

బొర్రా గుహల విషయంలో మీరు కొంచెం కఠినంగా ఉండాలి. దిగేటప్పుడు సరదాగానే ఉంటుంది. దిగిన మెట్లన్నీ తిరిగి ఎక్కాలన్న సంగతి కిందికి వెళ్లాక గుర్తొస్తుంది. లోపల తేమ, తడిసిన నేల, అక్కడక్కడ చీకటి. మోకాళ్ల నొప్పి ఉండి, రక్తం పలచబడే మందులు రెండు వాడుతున్న మనిషి అక్కడ జారిపడితే మామూలు దెబ్బ కూడా పెద్ద కమిలినగాయం అవుతుంది. ఆవిడ ద్వారం దగ్గర విశాలంగా కనిపించే గుహను చూసి, పైన కూర్చుని కాఫీ తాగవచ్చు, ఒకరు తోడుండాలి. వంజంగి కొండ మీద మేఘాలు చూడాలని తెల్లవారకముందే ఎక్కే కార్యక్రమం ఆవిడకు వద్దే వద్దు. డిసెంబరు తెల్లవారుజామున ఏజెన్సీ చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, దానికి కొండ ఎక్కడం తోడైతే గుండె మీద భారం రెట్టింపు. ఎండ వచ్చాక, చెవులు కప్పుకుని, పద్మాపురం ఉద్యానవనమో గిరిజన మ్యూజియమో చూస్తే చాలు. రాత్రి చలికి గది తలుపులు మూసి నిప్పుల కుంపటి పెట్టుకునే పని ఎవ్వరూ చేయకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

మోకాళ్లు నొప్పెడితే పారాసిటమాల్ వేసుకోనివ్వండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, టెల్మిసార్టాన్‌తో కలిస్తే మూత్రపిండాలకు చేటు. స్టెంటు మాత్రలు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్) ఒక్క పూట కూడా తప్పకూడదు కనుక రెండు పొట్లాలుగా కట్టి, ఒకటి ఆవిడ చేతిసంచిలో, ఒకటి మీ దగ్గర ఉంచండి. బొంగులో చికెన్ రుచి చూడవద్దని నేను అనను. కానీ అది తిన్న రాత్రి ఛాతీలో మంట, చెమట, ఆయాసం కలిసి వస్తే గ్యాస్ అని వాము నమిలించి తెల్లవారేదాకా చూడకండి. షుగరున్నవారికి గుండె నొప్పి నొప్పిలా రాకపోవచ్చు. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే, ఆవిడను కూర్చోబెట్టి ఇవ్వండి, నిలబడి వేసుకుంటే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. వెంటనే ఏరియా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించండి.

ఇక మీవారి ప్రణాళికలో నేను మార్చమనేది ఒక్కటే: అరకును చివరి రోజుకు పెట్టకండి. కొండ దిగి, అదే రోజు రాత్రి రైలెక్కి, మర్నాడు హనుమకొండలో దిగడం ఆరోగ్యవంతులకే శ్రమ. మొదటి రోజు విశాఖలో విశ్రాంతి, సాయంత్రం బీచి రోడ్డులో కాస్త నడక. రెండో రోజు అరకు, రాత్రి అక్కడ. మూడో రోజు తిరిగి విశాఖ. నాలుగో రోజు ఖాళీ. మొదటి రోజు సాయంత్రానికి ఆవిడ అలసిపోయి కనిపించినా, షుగరు అదుపు తప్పినా, అరకు గది రద్దు చేసుకోవడానికి వీలుండాలి. గది తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగండి, డబ్బు పోతుందన్న మొహమాటంతో ప్రయాణం కొనసాగించే పరిస్థితి తెచ్చుకోకండి.

మరో సంగతి, ఇది మీ అందరికీ. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా పాతకాపు, అందులో ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకం కూడా ఉంటుంది. వానాకాలంతో పోలిస్తే డిసెంబరులో తక్కువే అయినా లేదనలేం. ఆ దోమ కుట్టేది మాపటి నుంచి తెల్లవారేలోపు. నిండు చేతుల బట్టలు, దోమల మందు, దోమతెర వాడండి. ఒక్క రాత్రికి ముందస్తు మాత్రలు నేను సాధారణంగా ఇవ్వను. అయితే తిరిగి వచ్చిన వారం నుంచి సంక్రాంతి దాటేవరకు ఎవరికి చలిజ్వరం వచ్చినా వైరల్ జ్వరమని సర్దుకోకుండా అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి, డాక్టరు అడగకపోయినా అరకు వెళ్లి వచ్చామని మీరే చెప్పండి.