బొబ్బిలి, పద్మనాభం యుద్ధస్థలాలు ఒక్క రోజులో: విశాఖ నుంచి ఎలా వెళ్లాలి?

జనవరిలో పెళ్లికి హైదరాబాద్ నుంచి విశాఖ వస్తున్నామని, మధ్యలో ఒక రోజు ఖాళీ దొరుకుతుందని, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయికి బొబ్బిలి యుద్ధం జరిగిన చోటు చూపించాలని ఉందని రాశారు. అక్కడ చూడ్డానికి ఏమైనా మిగిలిందా, అంత దూరం పోవడం దండగా అని మీ అనుమానం.

దండగ కాదండీ, తప్పకుండా వెళ్లండి. కాకపోతే బొబ్బిలి ఒక్కటీ చూసి వెనక్కి రాకండి. అదే రోజు సాయంత్రం పద్మనాభం కూడా చూడండి. మాది విజయనగరం, మా ఆవిడ వాళ్లది బొబ్బిలి పక్క పల్లెటూరు. చుట్టాలొచ్చినప్పుడల్లా వాళ్లను ఈ దారిన తిప్పేది నేనే. రెండూ ఒకే రోజు, ముందు బొబ్బిలి, తర్వాత పద్మనాభం, ఈ వరసలో చూస్తేనే కథ పూర్తిగా తెలుస్తుంది.

పొద్దున్నే ఆరింటికల్లా విశాఖలో బయల్దేరండి. ఆనందపురం, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా బొబ్బిలి. దారి నూట పది కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. టిఫిన్ విజయనగరంలో కానిచ్చి, అక్కణ్నుంచి కార్లో అబ్బాయికి కథ మొదలుపెట్టండి. ఎందుకంటే 1757 నాటి కోట ఇప్పుడక్కడ లేదు. అది మట్టి కోట, ఆ రోజే ఫిరంగులకు కూలింది. ఇప్పుడు ఊళ్లో కనిపించే కోట తర్వాతి కాలంలో కట్టుకున్నది. యుద్ధం జరిగిన చోట 1891లో బొబ్బిలి మహారాజా నిలబెట్టించిన స్మారక స్తంభం ఉంది. కథ తెలియకుండా వెళ్తే ఆ స్తంభం చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు. తెలిసి వెళ్తే అక్కణ్నుంచి కదలబుద్ధి కాదు.

కథ క్లుప్తంగా చెప్తాను. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను, అంటే మన కోస్తా జిల్లాలను, ఫ్రెంచివాళ్లకు ఇచ్చేశాడు. శిస్తు వసూలుకు ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో ఇటు వచ్చాడు. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆయన పక్షాన చేరాడు. బొబ్బిలితో విజయనగరానికి అప్పటికే సరిహద్దు తగాదాలున్నాయి, నీళ్ల తగాదాలున్నాయి. 1757 జనవరి 24న తెల్లవారుతూనే దాడి మొదలైంది. కోట నిలవదని తేలిపోయాక లోపలివాళ్లు ఇళ్లకు నిప్పంటించి, తమ ఆడవాళ్లను, పిల్లలను తామే చంపుకుని, ఆ తర్వాత తాము పోరాడి చనిపోయారు. బొబ్బిలి రాజా రంగారావు కూడా అక్కడే నేలకొరిగాడు. ఇది జానపదులు పాడుకున్న మాటే కాదు, రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు అదే శతాబ్దంలో రాసిపెట్టాడు. రాజాం నుంచి వచ్చిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు మూడో రాత్రి గుడారంలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు.

పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆ ఆడవాళ్ల సంగతి చెప్పాలా అని మీకు అనిపించవచ్చు. చెప్పండి. పాపారాయుడి పగ ఒక్కటే చెప్పి వదిలేస్తే అది సగం కథే. ఒకసారి స్తంభం దగ్గర మా మేనల్లుడు ఇదంతా విని, "మామయ్యా, మరి వాళ్లనెవరైనా అడిగారా?" అన్నాడు. ఆ మాట అన్నాక తల పైకెత్తి స్తంభం కొసదాకా చూశాడు, చాలాసేపు మళ్లీ మాట్లాడలేదు. రాణి మల్లమ్మదేవి పేరు అందరికీ తెలుసు. తక్కిన ఆడవాళ్ల పేర్లు, ఆ పిల్లల పేర్లు ఏ కథలోనూ వినబడవు. మీ అబ్బాయికి కూడా ఇలాంటి ప్రశ్న వస్తే వెంటనే సర్దిచెప్పకండి, కాసేపు ఆలోచించుకోనివ్వండి.

ఆ మంటల్లోంచి ఒక పసివాడు మాత్రం బతికి బయటపడ్డాడు. రాజా కొడుకు, చిన రంగారావు. ఈ పేరు అబ్బాయిని గుర్తుపెట్టుకోమనండి, సాయంత్రం పనికొస్తుంది.

బొబ్బిలి కోట లోపలి భాగం రాజకుటుంబానిది. లోపల చూడాలనుకుంటే ఒకటి రెండు రోజుల ముందే తెలిసినవాళ్ల ద్వారా కనుక్కోండి. నేరుగా గుమ్మం ముందుకెళ్లి నిలబడితే పని జరుగుతుందన్న నమ్మకం లేదు. దానికంటే, ఓ గంట ఉంటే పక్కనే గొల్లపల్లి వెళ్లండి. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఉలి పడ్డచోటల్లా పసుపుపచ్చటి పొట్టు రాలుతుంటుంది, దాని వాసన చేతికి అంటుకుంటుంది. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. పొద్దుటి కథ విన్న మనసుకు కూడా మంచిది.

మధ్యాహ్నం భోజనానికి విజయనగరం వచ్చేయండి. ఇక్కడ కోట 1713లో కట్టడం మొదలైంది, బయటి నుంచి చూసినా చాలు. మూడులాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడికి మాత్రం తప్పక వెళ్లండి. అమ్మవారు పెద విజయరామరాజు చెల్లెలని, బొబ్బిలి మీదికి పోవద్దని అన్నను బతిమాలిందని, అన్నకు ప్రమాదమని తెలిసి పెద్దచెరువులో ఐక్యమైపోయిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఏటా దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను ఊరేగేది ఆ తల్లికే. బొబ్బిలివాళ్ల కథలో విజయరామరాజు పగవాడు. మా ఊళ్లో ఆయన ఆ తల్లికి అన్న. మా ఇంట్లో ఈ రెండు కథలూ చెప్పుకుంటాం. పిల్లలు రెండూ వినే పెరగాలని నా కోరిక.

మూడున్నరకల్లా పద్మనాభం బయల్దేరండి, విజయనగరం నుంచి అరగంట దారి. 37 ఏళ్ల తర్వాత, 1794 జూలై 10న, ఇక్కడ విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. పేష్కస్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయి కట్టలేదని కంపెనీ ముందే జమీందారీ లాక్కుంది. నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమంది. ఆయన వెళ్లలేదు, తన మనుషులతో పద్మనాభం వచ్చి విడిది చేశాడు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దాడి చేశాక యుద్ధం ముప్పావుగంటలో ముగిసింది. రాజుతోపాటు సర్దారులు చాలామంది చనిపోయారు. ఊళ్లో రాజు స్మారకం ఉంది, దారి ఎవరినడిగినా చూపిస్తారు.

అది చూశాక, ఓపికుంటే కొండెక్కండి. పైన అనంత పద్మనాభస్వామి గుడి, 1,200కు పైగా మెట్లు. పైనుంచి చూస్తే కింద పొలాలు, ఊరు అంతా ఒక్కచోట కనిపిస్తాయి. అబ్బాయికి మిగతా కథ అక్కడ కూర్చోబెట్టి చెప్పండి. చిన విజయరామరాజు చనిపోయాక కంపెనీ విజయనగరం జమీందారీని ముక్కలు చేసింది. అప్పుడే బొబ్బిలి మళ్లీ బొబ్బిలివాళ్లకు దక్కింది. దాన్ని అందుకున్నది, పసివాడిగా కోటలోంచి బతికి బయటపడ్డ ఆ చిన రంగారావే. ఒక ఇంటికి నష్టం వచ్చిన రోజే రెండో ఇంటికి పోయింది తిరిగొచ్చింది. రెండుసార్లూ తీర్పు చెప్పింది మాత్రం పరాయివాళ్ల ఫిరంగి. నాకు ఈ జిల్లా చరిత్ర మొత్తంలో ఇంతకంటే బాధగా అనిపించే సంగతి లేదు.

ఈ రెంటికీ నడుమ ఇంకో యుద్ధం ఉంది. పెద విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో చెడి, ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబర్ 7న చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. ఆ ఊరు గొల్లప్రోలు దగ్గర, అటు కాకినాడ వైపు, ఈ రోజులో ఇమడదు. మీరు హైదరాబాద్ కార్లోనే తిరిగి వెళ్తుంటే కత్తిపూడి దగ్గర కాకినాడ రోడ్డెక్కి చూసుకుని వెళ్లొచ్చు.

జనవరి కాబట్టి ఎండ బాధ లేదు, కానీ పొద్దు త్వరగా వాలిపోతుంది. పద్మనాభం మెట్లు ఎక్కాలంటే గొల్లపల్లి మానుకోండి, పెద్దవాళ్లు వెంట ఉంటే మెట్లే మానుకోండి. బొబ్బిలికి విశాఖ–రాయగడ లైన్లో రైలు ఉంది గానీ పద్మనాభం కూడా చూడాలంటే కారే నయం. కారు మాట్లాడుకునేటప్పుడు గొల్లపల్లి, పద్మనాభం పేర్లు ముందే చెప్పి, వెయిటింగ్‌తో కలిపి రోజు మొత్తానికి బేరం కుదుర్చుకోండి. పద్మనాభం నుంచి ఆనందపురం మీదుగా రాత్రి భోజనం వేళకు విశాఖ చేరిపోతారు.