పేరు ముందు వాడింది ఎవరన్నదే తేలాలి

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నోటీసు చిత్తు చదివాను. నువ్వు నీ పచ్చళ్ల వ్యాపారానికి పెట్టుకున్న మా అమ్మ ముద్దుపేరు ఒక్క అక్షరం ఎక్కువ చేర్చుకుని ఎవరిదో పచ్చడి సీసా మీద కనబడితే నాకూ ఒళ్లు మండింది. అయినా ఆ నోటీసు ఇప్పుడే పంపవద్దు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనొక క్లయింటు కోపాన్ని నమ్మి ఇంతకంటే ఘాటుగా నోటీసు ఇచ్చాను. పదిహేను రోజుల్లో వచ్చిన జవాబుకు, అవతలివారు మాకంటే రెండేళ్ల ముందు నుంచే అదే పేరుతో సరుకు అమ్మిన బిల్లుల నకళ్లు జతపరచి ఉన్నాయి. ఆధారం లేకుండా బెదిరించామని తేలితే, ట్రేడ్ మార్కుల చట్టం, 1999లోని 142వ సెక్షను కింద వాళ్లే మన మీద దావా వేయవచ్చు.

ఆ పేరుతో డాట్ కామ్ డొమైను, అంటే వెబ్‌సైటు చిరునామా, 2018లోనే కొన్నానని ఆ సీసాల వ్యాపారి అంటున్నాడని, నీ అమ్మకాలు మొదలైంది 2019 సంక్రాంతికి కనుక ఓడిపోతామేమోనని రాశావు. డొమైను అమ్మే రిజిస్ట్రారు ఆ అక్షరాలు ఖాళీగా ఉన్నాయా అన్నది చూస్తాడే గాని, ఆ పేరు మీద హక్కు ఎవరిదని విచారించడు. కొని మూల పెట్టిన డొమైనుకు కొనుగోలుదారుల్లో పేరు రాదు. అతని సైటు నిజంగా సరుకు అమ్మడం 2023లోనే మొదలైందని నువ్వు చూపగలిగితే, అంతకు నాలుగేళ్ల ముందు నుంచి ఆపకుండా వాడుతున్నది నువ్వే అవుతావు. రేపు అతను ఆ పేరుకు ట్రేడ్ మార్కు రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నా, ముందు నుంచి వాడుతున్నవారిని ఆపలేడని అదే చట్టం 34వ సెక్షను చెబుతోంది.

నీ మార్కు రిజిస్టరు కాకపోయినా దారి మూసుకుపోలేదు. తన సరుకును నీ సరుకుగా చెలామణీ చేస్తున్నాడని, కోర్టు భాషలో ‘పాసింగ్ ఆఫ్’ అని, దావా వేయవచ్చు. 27వ సెక్షను ఆ హక్కును కాపాడింది. డొమైను పేర్లకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో తేల్చింది. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ తన పేరులోని అక్షరాలు కలిపి ‘సిఫీ’ అనే మాట పుట్టించుకుంటే, మరో సంస్థ మధ్యలో ఒక ‘ఎఫ్’ పెంచి ‘సిఫ్ఫీనెట్’ అని పెట్టుకుంది. ఆ మాట తమ ఐదుగురు ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలతో ఏర్పడిందని ఆ సంస్థ చెప్పిన కథను కోర్టు నమ్మలేదు. బెంగళూరు సివిల్ కోర్టు ఇచ్చిన నిషేధపుటుత్తర్వును కర్ణాటక హైకోర్టు కొట్టివేస్తే, సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది.

అయితే, నీ పేరులో బలమున్నది ముద్దుపేరు సగంలోనే. ‘రుచులు’ అన్న రెండో సగం ఎవరి సొత్తూ కాదు. షాదీ డాట్ కామ్ వారు సెకండ్ షాదీ డాట్ కామ్ మీద వెళ్లినప్పుడు, ‘షాదీ’ అందరూ వాడే మాటేనన్న కారణంతో బొంబాయి హైకోర్టు 2016లో తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వలేదు. కనుక చిత్తులో నువ్వు ‘రుచులు’ మీద రాసిన పేరా మొత్తం కొట్టివేయి.

ఇక అసలు పని. గోనెసంచిలో పడేసిన కొరియరు రసీదులను ఈ వారమే బయటికి తీసి జిరాక్సు తీయించు. అవి వేడికి అచ్చయ్యే కాగితాలు, అక్షరాలు చెరిగిపోతాయి; పోయినసారి నేను చూసిన వాటిలో కొన్నింటి మీద తేదీ అప్పటికే పసుపు మరకలా మారింది. మొదటి లేబులు ప్రెస్సు బిల్లు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు జమలు వీటి పక్కన తేదీల వరుసలో పెట్టు. గుంటూరు నుంచి ఒకావిడ, తాను అతని దగ్గర కొన్న గోంగూర బూజు పట్టిందని నీకు ఫోన్ చేసి తిట్టిందన్నావే, కొనేవారు అతని సరుకును నీదని పొరబడుతున్నారనడానికి, నా లెక్కలో నీ దగ్గరున్న అతి విలువైన సాక్ష్యం అదే. ఆవిడను బతిమాలి వాట్సాప్‌లో నాలుగు మాటలు రాయించుకో. ఫోను కాపీలు కోర్టుకు వెళ్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ధ్రువపత్రం కావాలి కనుక ఆ ఫోను మార్చవద్దు.

ఈలోగా ట్రేడ్ మార్కు రిజిస్ట్రేషన్ దరఖాస్తు, అదే టీఎం-ఏ ఫారం, దాఖలు చేద్దాం. సరుకుల వర్గీకరణలో పచ్చళ్లు 29వ తరగతిలోకి, కారప్పొడులు 30వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తికి ఆన్‌లైన్‌లో తరగతికి రుసుము రూ. 4,500. 2019 నుంచి వాడుతున్నామని రాస్తే అఫిడవిట్టు, ఆధారాలు జతచేయాలి. రిజిస్ట్రేషన్ వస్తే దావాను 134వ సెక్షను ప్రకారం మన జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు. అతనూ దరఖాస్తు పెట్టాడేమో వెతుకు; దాన్ని ట్రేడ్ మార్కుల జర్నల్‌లో ప్రకటించిన నాటి నుంచి నాలుగు నెలల్లోపే అభ్యంతరం చెప్పాలి.

డొమైను వివాదాల మధ్యవర్తిత్వానికి వెళ్దామన్న నీ ఆలోచన ఇక్కడ పనికిరాదు. డాట్ కామ్ విషయంలో దురుద్దేశంతో కొన్నాడనీ, దురుద్దేశంతో వాడుతున్నాడనీ రెండూ రుజువు కావాలి. నీ పేరు పుట్టకముందే కొన్నవాడికి మొదటిది అంటగట్టలేము.

ఆదివారం ఆ సంచి తీసుకుని రా. రసీదులు చూశాక నోటీసు నేనే రాస్తాను.

ఇట్లు,
మావయ్య