అర పుట్టినరోజా? అరయేటి పుట్టినరోజా?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మిత్రుడి పుట్టినరోజు మార్చి 10 కాగా, సెప్టెంబరు 10న సరదాకి అతనికి 'అర్ధజన్మదిన శుభాకాంక్షలు' చెప్పాం. మరొకరు దాన్ని 'షాణ్మాసికం' అనగానే మా మిత్రుడి నాయనమ్మగారు నొచ్చుకున్నారు. పెద్దబిడ్డనైన నాకు చిన్నప్పుడు ఒడియా పండుగైన ప్రథమాష్టమికి కొత్తబట్టలు పెట్టేవారు గనుక, దాన్ని నా 'అర పుట్టినరోజు' అంటుంటారు. ఈ మాటల్లో ఏది సరైనది?

సమాధానం: నాయనమ్మగారు నొచ్చుకోవడం న్యాయమే. వ్యుత్పత్తిని బట్టి 'షాణ్మాసికం' ఆరునెలలకు సంబంధించినదే అయినా, మన ఇళ్లలో మాసికం, ఊనషాణ్మాసికం, ఆబ్దికం అన్నవి పోయినవారికి పెట్టే శ్రాద్ధాల పేర్లుగా స్థిరపడ్డాయి. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తిగారు పోరాడిన ఊరివారు మీరు. వ్యుత్పత్తి కన్నా వాడుక బలమెంతో మీకు వేరే చెప్పనక్కరలేదు.

'అర్ధజన్మదినం'లో చిక్కు వేరు. 'అర్ధం నపుంసకమ్' అన్న పాణిని సూత్రం ప్రకారం, సరిసగమనే అర్థంలో 'అర్ధ' ముందు చేరితే తరవాతి పదం చెప్పే వస్తువులో సగమని తాత్పర్యం. అర్ధపిప్పలి అంటే పిప్పలిలో సగం. ఆ లెక్కన అర్ధజన్మదినం పుట్టినరోజులో ఒక పూట మాత్రమే అవుతుంది. అరపూట, అరకాసు, అరచెక్క అన్నప్పుడు తెలుగు 'అర' నడక కూడా ఇదే. మీరు సగం చేయదలచింది రోజును కాదు, ఏడాదిని. కనుక 'అర'ను ఏటికే తగిలించి 'అరయేటి పుట్టినరోజు' అనండి. 'ఆర్నెల్ల పుట్టినరోజు' చెవికి ఇంకా హాయిగానే ఉంటుంది గాని, అన్నప్రాశన ఈడు పసిబిడ్డ వేడుకగా తోచే ప్రమాదముంది. శుభాకాంక్షల గొడవ లేకపోతే 'ఇరవై అయిదున్నరేళ్లు నిండాయి' అన్నట్టుగా వయసు చెబితే చాలు. పసివాళ్లకైతే 'ఏణ్ణర్ధం' అనే ముద్దైన మాట ఉండనే ఉంది. అందులో అర్ధం ఏటికి వెనక చేరి, ఏడాది మీద మరో సగమని చెబుతుంది. (ధకారంతోనే రాయాలి, 'అర్థ' అంటే వేరే మాట.)

ప్రథమాష్టమికి ఈ పేరేదీ అతకదు. ఒడియావారి మార్గశిర కృష్ణాష్టమి, మన లెక్కలో కార్తీక బహుళాష్టమి. ఆ రోజు మేనమామ పంపిన కొత్తబట్టలు కట్టించి, హారతిచ్చి, పసుపాకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ఎండూరి పిఠా అనే పిండివంటను ఆకు విప్పి పెడతారు. ఏ నెలలో పుట్టినా తొలిచూలు బిడ్డలందరికీ అదే తిథి. అందులో సగమూ లేదు, పుట్టిన తేదీ ప్రసక్తీ లేదు. దాన్ని ప్రథమాష్టమి అనే అనండి.